ముడికి పైన

మా మామగారి బేరి చెట్టును నా బావమరిది నరికించాడు. మా ఆవిడ వెళ్లి వద్దని అడిగింది. అయినా నరికించాడు. జరిగింది ఇంతే, ఇందులో వాదనకు చోటు లేదు. ఆ మనిషి ఇంకో గంటలో నా పెరట్లోకి వస్తున్నాడు, ఆ చెట్టు తాలూకు మిగిలిన ఒకే ఒక్క మొక్క బతికుందో చచ్చిందో తేల్చడానికి. నేను పిలవలేదు. మా అమ్మాయి పిలిచింది. తను పనిచేసే మందుల దుకాణంలో సెలవు పెట్టి మరీ పిలిచింది. “మావయ్య బయల్దేరాడట నాన్నా, గంటలో ఉంటాడు, ఆ చొక్కా మార్చుకో” అని వంటింట్లోంచి అరిచింది. మార్చుకోలేదు. నేను వడ్రంగిని. నా చొక్కాకి రంపపు పొట్టు ఉంటుంది. అది చూసి ముఖం చిట్లించేవాడు నా గడప తొక్కనక్కర్లేదు.

స్టూలు తెచ్చుకుని ఆ మొక్కకి ఎదురుగా కూర్చున్నాను. మొక్క అని పేరే గాని అదొక పుల్ల. నా భుజం ఎత్తు ఉంటుంది, గోడకు బెత్తెడు దూరంలో. ఒక్క ఆకు లేదు. చలికాలం ఎప్పుడో వెళ్లిపోయింది, వీధిలో ప్రతి చెట్టూ చిగురు వేసింది, చెత్తకుండీ పక్కన ఎవరో విసిరేసిన కొమ్మ కూడా సిగ్గులేకుండా చిగురు వేసింది, ఇది మాత్రం వెయ్యలేదు. చలికి నిద్రపోయినవన్నీ ఒకే రోజున లేవాలని ఎక్కడా రాసిపెట్టి లేదు. మనుషులే లేవరు. నేను లేచేసరికి మా ఆవిడ సగం పని ముగించేది, “లేవండి, సూర్యుడికి సిగ్గేస్తోంది” అని దుప్పటి లాగేది. దీన్ని లాగడానికి దుప్పటి లేదు. గోడ అవతల కుట్టుమిషను టకటకా ఆడుతోంది. ఆగింది. ఆగిందంటే పక్కింటావిడ లేచిందని, లేచిందంటే గోడ మీదుగా చూస్తుందని. చూసింది. “ఏం అన్నయ్యగారూ, ఎండుకట్టెకి కాపలా కాస్తున్నారా?” అంది. “వడ్రంగి ఇంట్లో చెట్టు మొలిస్తే బతుకుతుందా చెప్పండి? మీ రంపం చప్పుడు విని గుండాగి పోయుంటుంది.” తన మాటకు తనే నవ్వుకుని వెళ్లిపోయింది. మా ఆవిడ ఉంటే దీనికి ఇంత పొడుగు జవాబు ఇచ్చేది. ఇద్దరూ ఆ గోడకు అటూ ఇటూ నిలబడి పొద్దు పోయేదాకా ఒకర్నొకరు తిట్టుకుని, చివర్లో గిన్నెలు మార్చుకునేవాళ్లు. నాకు ఆ విద్య రాదు. మిషను మళ్లీ మొదలైంది.

అయినా ఆవిడ అన్నదాంట్లో ఒక ముక్క నిజం ఉంది. నాకు తెలిసిందంతా చచ్చిన చెట్టు గురించే. తలుపు చెక్కను వేలితో కొట్టి చూస్తే లోపల పగులుందో లేదో చెప్తాను. వాసన చూసి ఎంత ఆరిందో చెప్తాను. పచ్చిగా ఉన్న చెక్క నాకు పనికిరాదు, అది వంగుతుంది, ముడుచుకుంటుంది, కిటికీకి వేస్తే వానాకాలంలో తెరుచుకోదు. పచ్చిదనం మా పనిలో లోపం. అందుకే మొన్న ఎవరూ చూడకుండా ఈ పుల్లను కూడా చెక్కను కొట్టినట్టే కొట్టి చూశాను. చెవి ఆన్చి విన్నాను. ఏమీ చెప్పలేదు. చిన్నప్పుడు మా ఊరి బడిలో పంతులు నల్లబల్ల మీద గీత గీసి, ఇటు జీవం ఉన్నవి, అటు జీవం లేనివి అని రాయించాడు. ఆవు ఇటు, రాయి అటు. చెట్టు ఇటు, కుర్చీ అటు. “మరి ఎండిపోయిన చెట్టు ఎటండీ?” అని అడిగాను. “నీ బుర్ర అటు” అని బెత్తంతో ఒకటి ఇచ్చాడు. ఆ బడిలో నేను అడిగిన ప్రశ్న అదొక్కటే. తర్వాత అడగలేదు. బెత్తం కూడా ఒకప్పుడు చెట్టే కదా అని అప్పుడు తోచలేదు, తోచి ఉంటే ఇంకో రెండు తినేవాణ్ని.

మా అమ్మాయి ఫోనులో చూసి నాకు పాఠం చెప్పింది. చివరి పుల్లను వంచాలట, వంగితే బతికున్నట్టు, ఫట్టుమంటే పోయినట్టు. బెరడును గోటితో గీకాలట, కింద పచ్చగా తడిగా ఉంటే ప్రాణం ఉన్నట్టు, గోధుమరంగులో పొడిగా ఉంటే లేనట్టు. పై నుంచి మొదలుపెట్టి కిందికి రావాలట. “ఒక్కసారి గీకి చూద్దాం నాన్నా, తేలిపోతుంది” అంది. వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో దానికి చెప్పలేదు. తేల్చడం అంటే ఏమిటో నేను చూశాను. ఆసుపత్రిలో ఆ కుర్ర డాక్టరు మా ఆవిడ చేతిని తీసుకుని, జేబులో పెన్ను తీసి, వేలి గోరు మీద పెట్టి నొక్కాడు. గట్టిగా నొక్కాడు. గోరు తెల్లబడింది. ఆమె చెయ్యి లాక్కోలేదు. కంట్లో లైటు వేశాడు. మెడ కింద ఎముక మీద పిడికిలితో రుద్దాడు, చిత్రిక పట్టినట్టు. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. నా చేత్తో నేను చూస్తానని అనాల్సింది, ఆ చేతిని నేను పట్టుకుంటే ఎలా లాక్కుంటుందో నాకు తెలుసు, ఆమె చెయ్యి అంత తేలిగ్గా దొరికేది కాదు, పెళ్లిలోనే విదిలించుకుంది. అనలేదు. వాళ్లు చదువుకున్నవాళ్లు, వాళ్లకి తెలుసు, వాళ్లు చెప్పింది నిజమే అయింది కూడా. అయినా సరే. పెన్నుతో నొక్కినవాడిని నేను క్షమించలేదు. తన పని తను చేశాడని అందరూ అన్నారు. చెయ్యనీ. నా పని క్షమించడం కాదు.

అదే రోజు సాయంత్రం బావమరిది వచ్చాడు. అంతా అయ్యాక వచ్చాడు. అక్క కాళ్ల దగ్గర కూర్చుని భోరుమన్నాడు. ఇంట్లో వాళ్లందరూ వాణ్ని పట్టుకుని ఓదార్చారు. నన్ను ఎవరూ పట్టుకోలేదు, నేను ఏడవలేదు గనక. ఏడ్చేవాడికే మంచినీళ్లు దొరుకుతాయి. వాడికి నేను పెట్టుకున్న పేరు కత్తెర. నర్సరీ వాడిది, మామగారు మొదలుపెట్టినదే, వరసలు వరసలుగా మొక్కలు, ఎప్పుడూ చొక్కా జేబులో కొమ్మలు కోసే కత్తెర, నిద్రలో కూడా తియ్యడేమో. చంటివాడుగా ఉన్నప్పుడు మా ఆవిడే చంకనెత్తుకు తిప్పిందట. వాణ్ని ఎత్తుకునీ ఎత్తుకునీ తన నడుం ఒక పక్కకి వంగిపోయిందని గొప్పగా చెప్పుకునేది. చూడండి అని అటు వంగి నడిచి చూపించేది కూడా. ఆ నడుముతోనే బస్సెక్కి వెళ్లింది.

నర్సరీలో కొత్త షెడ్డు వెయ్యాలని, బేరి చెట్టు అడ్డమని కబురు తెలిసిన రోజు. అప్పటికే ఒంట్లో బాగుండటం లేదు, జబ్బని మాకు తెలియదు, అలసట అనుకున్నాం. నేను కూడా వస్తానన్నాను, వద్దంది. “మీరొస్తే మాట్లాడరు, చూస్తారు. మీ చూపుకి వాడు ఇంకా మొండికేస్తాడు” అంది. వెళ్లింది. సాయంత్రం వచ్చి చెప్పులు విప్పకుండా మంచం మీద కూర్చుంది. ఏమన్నాడని అడిగాను. ఒక్కో చెప్పూ విప్పి మంచం కిందికి తోసింది. తర్వాత చెప్పింది. వరండాలో కుర్చీ వేయించి, టీ ఇప్పించి, అన్నాడట, “ఏంటక్కా, ఇప్పుడు చెట్టులో కూడా వాటా కావాలా?” పనివాళ్లు విన్నారట. వాడి పెళ్లాం తలుపు వెనక నిలబడి విందట. మా ఆవిడ ఏనాడూ వాటా అడగలేదు. పుట్టింటి నుంచి ఒక చెంచా అడగలేదు. నరకొద్దు అని అడిగింది, అంతే. ఆ చెట్టు కాయలు చూడ్డానికి బాగుండవు. గరుకు తోలు, వంకర ఆకారం, కోసిన రెండో రోజుకే మచ్చలు పడతాయి, బజారుకు పోయేలోపు మెత్తబడతాయి. అమ్మకానికి పనికిరాదు. అందుకే అంత పెద్ద నర్సరీలో ఆ చెట్టుకి ఒక్క అంటు కూడా వాడు కట్టి ఉంచలేదు. అడిగేవాడు లేని మొక్కను ఎవరు పెంచుతారు. కానీ ఆ కాయ కొరికితే మోచేతి దాకా కారేది. పెళ్లైన కొత్తలో మామగారు నాకు ఒకటి కోసి ఇచ్చి, “వంగి తిను అల్లుడూ, లేకపోతే చొక్కా మారుస్తావు” అన్నాడు. నేను వంగలేదు. చొక్కా మార్చాను.

చెప్పడం అయ్యాక మా ఆవిడ టిఫిను డబ్బా తెరిచింది. తడిగుడ్డలో చుట్టి పెన్సిలంత పుల్ల. “వచ్చేటప్పుడు విరిచాను” అంది. అప్పుడు నవ్వింది, దొంగ నవ్వు. అప్పటికే మా పెరట్లో గోడ మొదట్లో దానంతటదే మొలిచిన పిచ్చి బేరి ఒకటి ఉంది. పీకేద్దామంటే ఎప్పుడూ పీకనివ్వలేదు. దాన్ని మోకాలి ఎత్తున కోసి, చీల్చి, ఈ పుల్లను చెక్కి దాంట్లో దించింది. నర్సరీ బిడ్డ కదా, చెయ్యి వణకలేదు. కింద పిచ్చిది, పైన వాళ్ల నాన్నది, మధ్యలో కట్టు. తర్వాత ఆ కట్టు దగ్గరే ముడిలా బొడిపె కట్టింది, ఇప్పటికీ ఉంది. చెక్కడానికి నా సన్న ఉలి తీసుకుంది. నేను ఎవరికీ ముట్టుకోనివ్వను ఆ ఉలిని. అరిచాను. “పోనిద్దురూ, చచ్చిన కట్టెల్ని కోసీ కోసీ దానికి మాత్రం విసుగు పుట్టదా? ఇవాళ ఒక్కరోజు బతికినదాన్ని కొయ్యనివ్వండి” అంది. అంచు పాడైంది. రాత్రి కూర్చుని నూరుకున్నాను, సణుగుతూ. ఆమె మంచం మీద పడుకుని నా సణుగుడు వింటూ నవ్వింది. ఆ తర్వాతి ఏడాది పుల్లకి ఆకులొచ్చాయి, నాలుగు కొమ్మలొచ్చాయి. ఆమెకు జబ్బని తేలింది. కాయలు రావాలంటే ఇంకా ఏళ్లు పడుతుందని ఆమెకు తెలుసు, ఎంతకాలం పడుతుందని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. ఆ విషయంలో మేమిద్దరం ఎంతో మర్యాదగా ఉన్నాం.

ఇప్పుడు కత్తెరకి అది కావాలి. షెడ్డు వేశాడు, దాని నీడలో నిలబడ్డాడు, అప్పుడు గుర్తొచ్చింది నాన్న చెట్టు. కోడలితో తెగతెంపులు, కొడుకు వేరు వెళ్లిపోయాడు, మోకాళ్లు నొప్పులు, పడుకుంటే నాన్న కలలోకొస్తున్నాడట. ఇవన్నీ మా అమ్మాయికి ఫోనులో చెప్పుకున్నాడు. “అక్క ఇంట్లో ఉంది కదమ్మా, ఒక్క పుల్ల చాలు, నేను పది అంట్లు కట్టుకుంటాను” అన్నాడట. ఒక్క పుల్ల. మా ఆవిడ ఒక్క చెట్టు అడిగితే వాటా అన్నవాడికి ఒక్క పుల్ల. అమ్మాయి నన్ను ఒప్పించాలని చూసింది. చచ్చిపోయినట్టుందని చెప్పాను. “అయితే మావయ్యనే వచ్చి చూడమంటాను, ఆయనకి తెలుస్తుంది” అంది. నాతో పంతం పట్టే మనిషి ఒకతి పోయింది, ఇంకొకతి తయారైంది. నడుం మాత్రం తిన్నగా ఉంది.

వంటింట్లో పోపు వాసన ఆగి అన్నం గిన్నె మూత చప్పుడైంది. అంటే గంటలో సగం పైనే పోయింది. ఎండ గోడ దిగి నా కాళ్ల మీదికి వచ్చింది. ఇంకాసేపట్లో వాడు వస్తాడు, జేబులోంచి కత్తెర తీస్తాడు, నా కళ్ల ముందు గీకుతాడు, నొక్కుతాడు, వంచుతాడు, తల అడ్డంగా ఊపుతాడు. నేను మళ్లీ గోడకు ఆనుకుని నిలబడతాను. లేదు. ఒకసారి నిలబడ్డాను, చాలు. ఈ ఇంట్లో ఇంకోసారి పరాయివాడు చెప్పాక నేను తెలుసుకోను. లేచాను. పనిగదిలోకి వెళ్లి సన్న ఉలి తెచ్చాను. చిట్టచివరి పుల్లను పట్టుకుని వంచాను. ఫట్టుమంది. ఆ చప్పుడు నాకు తెలుసు, బాగా ఆరిన చెక్క చప్పుడు, తలుపు పనికైతే సంతోషించేవాణ్ని. దాని కింద గీకాను. గోధుమరంగు, నస్యంలా పొడి. ఇంకొంచెం కింద. అదే. నడుం దగ్గర. అదే. ఎండ పడే వైపు బెరడు పెచ్చు కట్టి ఉంది, ఉలి తగలగానే ఊడి చేతికొచ్చింది, లోపల బూడిద రంగు. ముడి దగ్గరకొచ్చాను. ముడికి కింద గీకాను. పచ్చ. తడి. మోసం ఇక్కడే ఉంది. ముడికి కింద పచ్చగా ఉంటే అది పిచ్చి బేరి, దానికి చావు లేదు, దాన్ని ఎవరూ పెంచలేదు గనక. ముడికి పైన పచ్చగా ఉంటేనే మామగారిది. ముడికి సరిగ్గా పైన గీకాను. గోధుమరంగు. మళ్లీ గీకాను. మళ్లీ అదే. చతికిలబడ్డాను. సరే. సరే అనుకున్నాను. వాడికి పుల్ల లేదు. నాకూ లేదు. సమానం. అలా అనుకుంటే కడుపు చల్లబడుతుందనుకున్నాను, చల్లబడలేదు. నా గొంతులోంచి ఏదో చప్పుడు వచ్చింది. కుట్టుమిషను ఆగింది. నేను దగ్గినట్టు నటించాను. మిషను సాగింది.

ఉలి దింపాను గాని చెయ్యి మొక్కను వదల్లేదు. చెక్కను కొనేటప్పుడు కనబడే వైపొక్కటే చూడం, తిప్పి చూస్తాం, దుంగ ఏ వైపు ఎండకు కాగిందో ఆ వైపు పగుళ్లు ఉంటాయి, రెండో వైపు బాగానే ఉంటుంది. దీన్ని తిప్పలేం. రెండో వైపు గోడ. తల దూరదు, ఉలి తిరగదు. చెయ్యి ఒక్కటే దూరుతుంది, అదీ పక్కకి పెట్టి. పెట్టాను. బొటనవేలితో ముడిని తడుముకున్నాను, గోడకు మోచెయ్యి గీసుకుపోయింది. ముడి నుంచి ఒక వేలి మందం పైకి జరిగాను. గోరు దించి గీకాను. కంటికి కనబడదు. చేతికి తెలిసింది. జారింది. గోరు జారింది, పొడి చెక్క మీద గోరు జారదు, గీసుకుంటుంది. తడి. ఇంకాస్త పైకి. తడి. నా మోచేతి దాకా ఏదో పాకింది. చెయ్యి బయటికి లాగి ఎండలో పెట్టుకుని చూశాను. గోటి కింద పచ్చ. లేత పచ్చ. నాలుక మీద పెట్టుకున్నాను. చేదు. బతికినదాని చేదు. గోడ వైపు ఎండ పడదు, చలి గాలి తగలదు. ఎండకీ చలికీ మధ్య సగం ఒళ్లు కాలిపోయి, సగం ఒళ్లు గోడకు దాచుకుని బతికింది. నిద్రపోలేదు ఇది. ఊపిరి బిగబట్టింది. నవ్వొచ్చింది నాకు. మా ఆవిడకు చెప్పాలి అనుకున్నాను. లోపలికి తిరిగి పిలవబోయాను కూడా.

పిలిచేలోపు వీధిలో బండి ఆగింది. “రా మావయ్యా, పెరట్లో ఉన్నాడు” అని అమ్మాయి గొంతు. నేను స్టూలు మీదికి చేరాను. కత్తెర వచ్చాడు. చాలా ముసలివాడైపోయాడు. నాకన్నా చిన్నవాడు, నాకన్నా వంగిపోయాడు. చేతిలో తడి గోనెగుడ్డ, పుల్లలు చుట్టుకుపోవడానికి. ఆశ తెచ్చుకున్నాడు. “బాగున్నావా బావా?” అన్నాడు. “ఉన్నాను” అన్నాను. మొక్కను చూశాడు. అక్క ఫోటో చూసినట్టు చూశాడు. నేలమీద మోకాలు ఆన్చడానికి రెండుసార్లు ప్రయత్నించి, మూడోసారి మా అమ్మాయి భుజం పట్టుకుని కూర్చున్నాడు. జేబులోంచి కత్తెర తీశాడు, చిన్న చాకు తీశాడు. నేను విరిచిన చోటు చూశాడు, నా వైపు చూశాడు. పై నుంచి మొదలుపెట్టాడు. పుల్ల ఊగింది. “ఊగుతోంది బావా, కాస్త పట్టుకో” అన్నాడు.

పట్టుకున్నాను. ముడికి పైన, గోడ వైపు నుంచి వేళ్లు చుట్టి పట్టుకున్నాను. బొటనవేలు సరిగ్గా ఆ తడి మీద పడింది. పడేలా పెట్టాను. వాడే పట్టుకోమన్నాడు. వాడు గీకుతున్నాడు, గీకినచోటల్లా గోధుమరంగు, నా వేలి కింద చల్లగా ఉంది. “ఎండ కొట్టేసింది” అన్నాడు. ఇంకో చోట గీకాడు. “చలి కూడా పట్టేసింది. రెండూ కలిసి…” అన్నాడు. ముడి కింద గీకాడు. పచ్చ చూశాడు, ముఖం వెలిగింది, ముడి కింద అని గుర్తొచ్చింది, ఆరిపోయింది. “వేరు బతికే ఉంది బావా. అంటు మాత్రం పోయింది. నాన్నది పోయింది.” నేను పట్టు వదల్లేదు. “అటువైపు…” అని గోడ వైపు తల వంచాడు, మోకాలు కలుక్కుమంది, అబ్బా అని వెనక్కి కూలబడ్డాడు. మా అమ్మాయి వెనక్కి జరిగి గుమ్మంలో నిలబడి ఉంది. దాని కళ్లు మొక్క మీద లేవు.

కత్తెర చాకు మడిచాడు. గోనెగుడ్డ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. “ఆ రోజు అక్క పుల్ల విరవడం నేను చూశాను బావా. గేటు దగ్గర వెనక్కి తిరిగి ఎవరైనా చూస్తున్నారేమోనని చూసింది. నేను షెడ్డు గుంటల దగ్గర ఉన్నాను. చూడనట్టు పక్కకి తిరిగాను. తీసుకుపోనీ అనుకున్నాను.” మా ఆవిడకు ఇది తెలియదు. తెలిస్తే ఆ డబ్బా మూత తెరిచినప్పటి నవ్వు ఉండేది కాదు. లేక ఇంకా పెద్దగా నవ్వేదేమో, వాడి చెవి మెలిపెట్టేదేమో, ఆమె సంగతి చెప్పలేం. నా సంగతి చెప్పగలను. అక్కను నలుగురిలో దొంగలా పంపించినవాడు, ఆమె దొంగతనం చూసి ఊరుకున్నందుకు దండం పెట్టాలా? నా బొటనవేలు తిమ్మిరెక్కింది. ఎత్తితే చాలు. మాట కూడా అక్కర్లేదు, వేలు ఎత్తితే చాలు. ఎత్తలేదు.

“సరే, వేరు బాగుంది కదా, వృథా పోనివ్వడం ఎందుకు” అని వాడు ముక్కు తుడుచుకున్నాడు. “బండిలో మంచి రకం పుల్లలున్నాయి. ముడి దగ్గర కోసేసి కొత్తది కట్టిపోతాను. రెండేళ్లలో కాయలు తింటావు బావా.” అని మడత రంపం తీశాడు. వీడు బాధపడితే కోస్తాడు, సంతోషిస్తే కోస్తాడు. రంపం పళ్లు ముడి మీద ఆన్చాడు. “తియ్యి” అన్నాను. “ఏంటి బావా?” “చెయ్యి తియ్యి. నా పెరట్లో ఏదీ కొయ్యకు.” “ఎండుకట్టె బావా ఇది!” “నా ఎండుకట్టె.” “ఇలాగే వదిలేస్తే కింద నుంచి పిచ్చిది లేస్తుంది. ముళ్లు. కాయ నోట్లో పెట్టలేవు.” “పెట్టను. నిన్నూ పెట్టమనను.” “అక్క ఉంటే…” అన్నాడు. “అక్క లేదు” అన్నాను. నా గొంతు పెరట్లో గట్టిగా మోగింది. కుట్టుమిషను ఆగిపోయింది. ఆగనీ. వాడు రంపం మడిచి నెమ్మదిగా లేచాడు. అమ్మాయి అన్నం తిని వెళ్లమంది. ఆకలి లేదన్నాడు. గోనెగుడ్డ దులిపి, తడి ఆరకుండానే చంకలో పెట్టుకున్నాడు. గేటు దాటుతూ వెనక్కి తిరిగి చూశాడు, నన్ను కాదు. బండి చప్పుడు వీధి చివరిదాకా విన్నాను. అప్పుడు వేలు ఎత్తాను.

అమ్మాయి వచ్చి వాడు కూర్చున్నచోటే నేలమీద కూర్చుంది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. గోడ వైపు చెయ్యి దూర్చింది, దాని చెయ్యి సన్నం, తేలిగ్గా దూరింది. తీసి పచ్చ వేలు నాకు చూపించింది. “మొన్ననే గీకి చూశాను నాన్నా, నువ్వు పనిలో ఉన్నప్పుడు.” నేను దాని ముఖం చూశాను. “మరి మీ మావయ్యకి చెప్పలేదేం?” “ఇవ్వాల్సింది నువ్వు. నువ్వు చెప్తావేమోనని చూశాను.” “చూశావుగా” అన్నాను. “చూశాను” అంది. కోపంగా అనలేదు, అదే బాగోలేదు. దాని తల్లి అయితే అరిచేది. పచ్చ అంటిన వేలు చున్నీకి తుడుచుకుంది. “ఆయన ఏడ్చుకుంటూ బండి నడుపుతున్నాడు నాన్నా, ఇప్పుడు.” “నడపనీ.” “చిగురేశాక అయినా?” “వెయ్యనీ ముందు.” “వేస్తే?” నేను ఉలి అంచు చొక్కాకి తుడిచాను. అది లేచి, దుమ్ము దులుపుకుని, అన్నం వడ్డిస్తానని లోపలికి వెళ్లింది.

మొక్క బతికుంది. ఎండ వైపు నేను తడి మట్టి పూసి గుడ్డ కడతాను. వచ్చే చలికి గోనె చుడతాను. కింద నుంచి పిచ్చిది తల ఎత్తితే ఎప్పటికప్పుడు విరిచేస్తాను. చేతనైనంత చేస్తాను, చేతకానిది నేర్చుకుంటాను, ఎవర్నీ అడగను. కాస్తే కాసిన కాయ మా అమ్మాయి తింటుంది. అది ఎవరికి పంచుకుంటుందో దాని ఇష్టం, నేను పోయాక. నేనున్నంత కాలం ఆ నర్సరీకి ఇక్కడి నుంచి ఒక్క పుల్ల వెళ్లదు. నేను చేసింది తప్పని పక్కింటావిడ అనవచ్చు, అమ్మాయి మౌనంగా అనవచ్చు, పైనుంచి మా ఆవిడ అరవవచ్చు. అనండి, అరవండి. నేను ఇవాళ ఇంతవరకు చెప్పాను. ఇక ఈ చెట్టు గురించి, ఆ మనిషి గురించి నా నోట ఇంకో మాట ఎవరూ వినరు. అన్నం పెట్టమ్మా.